మట్టి గట్టా, రాతి గట్టా? బెంగళూరు చుట్టుపక్కల పొలం, సైటు ఉన్నవాళ్ళు ఎలా తేల్చుకోవాలి

2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టం సవరించాక వ్యవసాయ కుటుంబం కానివాళ్ళు కూడా ఇక్కడ పొలం కొనుక్కునే వీలు వచ్చింది. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్ళు మాలూరు, హోస్కోటె, చింతామణి, గౌరిబిదనూరు వైపు ఎకరమో రెండెకరాలో తీసుకుంటున్నారు. మొదటి పెద్ద వానకే అసలు సంగతి తెలుస్తుంది, పైనున్న పొలాల నీళ్ళన్నీ మన చేను మీదుగానే పోతాయని, పోతూ పోతూ పైమట్టిని కూడా ఊడ్చుకుపోతాయని. అప్పుడు మొదలవుతుంది ప్రశ్న: గట్టు మట్టితో వేయించాలా, రాతితో వేయించాలా? సిటీలో వాలు మీద సైటు కొన్నవాళ్ళకీ, లేఔట్ పక్కనే రాజకాలువ, అంటే వాన నీళ్ళు పోయే పెద్ద కాలువ, ఉన్నవాళ్ళకీ ఇదే టెన్షన్.

ఎవరిని అడిగినా ఎక్కువమంది చెప్పేది ఒకటే, రాయి గట్టిది కదా, డబ్బుంటే రాయే వేయించు అని. నేను ఈ మాట ఒప్పుకోను. రాయి గట్టిదే, కానీ సరిగ్గా వేసిన మట్టి కట్ట వందల ఏళ్ళు నిలిచిన చోట్లున్నాయి, సిమెంటు పెట్టి కట్టిన రాతి గోడ రెండో వానాకాలానికే పొట్ట పొడుచుకొచ్చి పడిపోయిన చోట్లూ ఉన్నాయి. అడగాల్సింది వేరే: ఆ చోట నీళ్ళు ఏం చేస్తాయి? కట్టను ఆనుకుని నిలుస్తాయా, కట్ట మీదుగా దూకుతాయా, కట్టను ఒరుసుకుంటూ పారతాయా, లేకపోతే గోడ వెనకున్న మట్టిలో ఊరి గోడను ముందుకు తోస్తాయా? మీ చోటు వీటిలో దేని కిందికి వస్తుందో తేలితే, మట్టా రాయా అన్నది ముప్పావు వంతు తేలినట్టే.

నాగార్జున సాగర్‌నే తీసుకోండి. నది నడిమధ్య, వరద గేట్లలోంచి దూకే చోట రాతి కట్టడం ఉంటుంది, సుమారు 1,450 మీటర్లు. అటూ ఇటూ నీళ్ళు ఊరికే ఆనుకుని నిలిచే చోట మట్టి కట్టలు, వాటి పొడవు దానికి రెండింతల పైనే. అంత పెద్ద ప్రాజెక్టులోనూ నీళ్ళు దూకే చోట రాయి పెట్టారు, నిలిచే చోట మట్టి పోశారు. చెన్నైకి తెలుగుగంగ నీళ్ళిచ్చే కండలేరు జలాశయానిదీ కిలోమీటర్ల పొడవున్న మట్టి కట్టే. మట్టి అంటే పేదవాళ్ళ సర్దుబాటు అనుకునేవాళ్ళు ఈ రెండూ ఒకసారి చూసి రావాలి.

మట్టి కట్ట: దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

సేద్యపు కుంట తవ్వుతున్నారా, చేను చుట్టూ వాన నీళ్ళు ఆపాలా, స్థలం పుష్కలంగా ఉందా, అయితే మట్టే వేయండి. కుంటలోంచి తీసిన మట్టే కట్టకు సరిపోతుంది, టిప్పర్ల ఖర్చు ఉండదు. కింద నేల కొంచెం కుంగినా మట్టి కట్ట దానితోపాటే సర్దుకుంటుంది, రాతి గోడలాగా చీలిపోదు. చిన్న చిన్న రిపేర్లు మీ తోటలో పని చేసే మనిషే పారతో చేసుకోగలడు.

కానీ మట్టి కట్ట అస్సలు తట్టుకోలేనిది ఒకటుంది, దాని మీదుగా నీళ్ళు పారడం. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టులో జరిగింది అదే. గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చింది, నీళ్ళు మట్టి కట్ట మీదుగా పొర్లాయి, కట్ట కొట్టుకుపోయింది, దిగువ ఊళ్ళలో ప్రాణాలు పోయాయి. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు ఆనకట్ట తెగి మోర్బీ పట్టణం మునిగినప్పుడు కూడా కొట్టుకుపోయింది మట్టి భాగాలే. మీ కుంట వాటి ముందు ఎంతో చిన్నది, కానీ నీళ్ళు చేసే పని మాత్రం అదే: పైన సన్నని ధారగా మొదలై, బయటి వాలు మీద వేగం పుంజుకుని, అడుగు దగ్గర మట్టిని కోసి, ఆ కోత వెనక్కి వెనక్కి ఎక్కుతూ గంటలోపే కట్టకు గండి పెట్టగలదు.

అందుకే నాకు ఫోన్ చేసేవాళ్ళకు నేను ముందు అలుగు గురించే చెబుతాను, మా అనంతపురం వైపు మరవ అంటాం. కుంట నిండాక మిగిలిన నీళ్ళు ఎటు పోవాలో అది తేల్చండి, కట్ట సంగతి తర్వాత. అలుగు కొత్తగా పోసిన మట్టి మీద పెట్టకూడదు, కట్ట చివర ఎప్పటినుంచో ఉన్న గట్టి నేల మీద పెట్టాలి, దాని అడుగు, పక్కలు, నీళ్ళు దిగే చోటు మొత్తం రాయి పరిపించాలి. అలుగు మట్టం కంటే కట్ట పైభాగం చిన్న కుంటకైనా రెండు మూడడుగులు ఎత్తుండాలి. డబ్బు తక్కువుంటే కట్ట ఎత్తు తగ్గించుకోండి కానీ అలుగు వెడల్పు తగ్గించకండి, దయచేసి.

ఇక మట్టి నాణ్యం. ఎర్రమట్టి అంతా ఒకటే అనుకోవద్దు. దీనికి ల్యాబ్ కంటే ముందు ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. ఒకటిన్నర రెండడుగుల లోతునుంచి గోలీకాయంత మట్టిగడ్డ తీసి, గాజు గ్లాసులో వాన నీళ్ళో ఆర్‌ఓ నీళ్ళో పోసి, గడ్డను మెల్లగా అడుగుకు జార్చి కదపకుండా వదిలేయండి. పది నిమిషాల తర్వాత గడ్డ చితికి చిన్న కుప్పలా కూలినా దాని చుట్టూ నీళ్ళు తేటగా ఉంటే ఫర్వాలేదు. అలా కాకుండా గడ్డ చుట్టూ పాలపొరలాంటి మసక లేచి, గ్లాసు అడుగంతా పాకుతూ ఉంటే, ఆ మట్టి నీళ్ళలో కరిగిపోయే రకం. దానితో కుంట కట్ట వేస్తే లోపల సన్నని సొరంగాలు పడతాయి, బయటికి ఏమీ కనబడకుండానే ఒకరోజు కట్ట తెగి కుంట ఖాళీ అయిపోతుంది. చవుడు నేలల్లో ఇది ఎక్కువ. పూర్తిగా ఇసుక మట్టి అయినా పనికిరాదు, నీళ్ళు నిలవవు. నల్లరేగడి ఒక్కటే వాడినా ఎండాకాలం బారెడు బీటలు ఇస్తుంది, తొలి వానకు ఆ బీటల్లోంచే నీళ్ళు దారి చూసుకుంటాయి. కొంచెం జిగట, కొంచెం గరుకు కలిసిన ఎర్రమట్టి అన్నిటికన్నా నయం, కోలారు, చిక్కబళ్ళాపుర వైపు చాలాచోట్ల అది దొరుకుతుంది.

వేసే పద్ధతి గురించి కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే మట్టి కట్టలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. జేసీబీతో మట్టి కుప్పలు పోసి, పైన బకెట్‌తో నాలుగు దెబ్బలు కొట్టి వెళ్ళిపోతారు, చూడటానికి కట్టలాగే ఉంటుంది. సరైన పని ఇలా ఉండాలి: ముందు గడ్డి, వేర్లు, పైమట్టి గీకేయాలి. కట్ట నడిమి గీత వెంబడి గట్టి నేల తగిలేదాకా కందకం తవ్వి జిగటమట్టితో నింపి దిమ్మిస చేయాలి, లేకపోతే కట్ట బాగానే ఉంటుంది, నీళ్ళు దాని కిందనుంచి పోతాయి. తర్వాత ఎనిమిది అంగుళాలకు మించకుండా పొరలు పొరలుగా మట్టి పోసి, తడిపి, ప్రతి పొరా రోలర్‌తో తొక్కించాలి. తడి ఎంతుండాలి అంటే, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, చేతికి నీళ్ళు అంటకూడదు, నడుమెత్తునుంచి వదిలితే నాలుగైదు ముక్కలవ్వాలి. పొడిపొడిగా రాలిపోతే తడి చాలలేదు, చపాతీలా అతుక్కుపోతే ఎక్కువైంది. రోలర్ దొరక్క వాహనాలతోనే తొక్కిస్తుంటే కట్టను కావలసిన ఎత్తుకంటే పదో వంతు ఎక్కువే పోయండి, అది ఎలాగూ దిగుతుంది.

వాలు విషయంలో పిసినారితనం వద్దు. నీళ్ళ వైపు ఒక అడుగు ఎత్తుకు రెండు నుంచి రెండున్నర అడుగుల వెడల్పు, బయటివైపు రెండు అడుగుల వెడల్పు వదలాలి. నీళ్ళ వైపు ఎందుకు ఎక్కువంటే, కుంట నిండుగా ఉన్నప్పుడు కాదు, మోటారు పెట్టి గబగబా తోడేసినప్పుడు లోపలి వాలు జారుతుంది, మట్టి ఇంకా తడిగా బరువుగా ఉంటుంది, ఆపే నీళ్ళేమో పోయి ఉంటాయి.

ఈ లెక్క వేసుకుంటేనే మట్టి కట్ట అసలు ఖర్చు తెలుస్తుంది. రెండు మీటర్ల ఎత్తు, పైన ఒకటిన్నర మీటర్ల వెడల్పు, రెండు వైపులా ఒకటికి రెండు వాలు అనుకోండి, అడుగు వెడల్పు 9.5 మీటర్లు వస్తుంది, అంటే 31 అడుగులు. పొడవులో ప్రతి మీటరుకూ 11 ఘనమీటర్ల మట్టి పడుతుంది. రెండెకరాల పొలంలో ఇది సమస్య కాదు. 30x40 సైటులో అయితే సైటు వెడల్పు మొత్తం గట్టుకే పోతుంది. అక్కడ రాయి తప్ప వేరే దారి లేదు.

రాయి అనగానే ఏ రాయి పని?

"రాతితో వేయించాను" అని చెప్పేవాళ్ళలో ఒకరిది మట్టి కట్ట మీద పరిచిన రాయి, ఇంకొకరిది సిమెంటు లేకుండా పేర్చిన గోడ, మరొకరిది సిమెంటు గోడ, వేరొకరిది తీగ పెట్టెల్లో నింపిన రాళ్ళు. వీటి పని వేరు, ఖర్చు వేరు, చెడిపోయే తీరు వేరు.

పొలం ఉన్నవాళ్ళకు నేను అన్నిటికన్నా ముందు చెప్పేది రివిట్‌మెంట్, అంటే కట్ట మట్టిదే, నీళ్ళు తగిలే వాలు మీద మాత్రం రాతి పరుపు. పాత చెరువు కట్టల మీద నడిచి చూస్తే చాలాచోట్ల ఇదే కనబడుతుంది, లోపలివైపు రాయి, బయటివైపు గడ్డి. బరువూ బిగుతూ మట్టి చూసుకుంటుంది, అలల కోతను రాయి చూసుకుంటుంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది, మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, చెరువుకుండే 6 దోషాలు అందులో వరసగా చెక్కించారు. గట్టి మట్టినేల, పొడవాటి రాళ్ళు దొరికే గని, పని తెలిసిన మనుషులు ఆ అంగాల్లో ఉన్నాయి. దోషాల్లో ఒకటి, కట్టలోంచి నీళ్ళు కారడం. అంటే మట్టి, రాయి, పనివాడు మూడూ కుదరాలని వాళ్ళకప్పుడే తెలుసు.

రివిట్‌మెంట్‌లో మోసం జరిగేది రాయి కింద. 9 నుంచి 12 అంగుళాల రాయి తెచ్చి నేరుగా మట్టి మీద పరిచేస్తారు, ఫోటోలో చక్కగా ఉంటుంది. అల వెనక్కి పోయిన ప్రతిసారీ రాళ్ళ సందుల్లోంచి మట్టిని పీల్చుకుపోతుంది, రెండేళ్ళకు రాళ్ళు కుంగి అక్కడక్కడా గుంతలు పడతాయి. రాయి కింద ఆరంగుళాల మందాన కంకర, ఇసుక పరుపు ఉండాలి, లేదా నీళ్ళను పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. వాలు అడుగున రాళ్ళు జారకుండా చిన్న పునాది గోడ ఉండాలి. కొటేషన్‌లో ఈ రెండూ లేకపోతే రేటు తక్కువగా ఉందని సంబరపడకండి.

సిమెంటు లేకుండా పేర్చే రాతి కట్వలు, అంటే చిన్న అడ్డుగట్లు, ఏటవాలు చేలకు, చిన్న వంకలకు చాలా మంచివి. అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పనుల్లో వీటిని విస్తారంగా కట్టారు. ఇవి నీళ్ళను ఆపవు, నెమ్మది చేస్తాయి, నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి పోతాయి, మట్టి వెనకాల ఆగిపోతుంది, నాలుగైదేళ్ళకు కట్వ వెనక చిన్న మడి తయారవుతుంది. చేన్లో ఏరిన రాళ్ళే వాడుకోవచ్చు కాబట్టి ఖర్చు కూలీదే. ఎత్తు మాత్రం మూడు నాలుగడుగులు దాటించకండి. కుంటలో నీళ్ళు నిలబెట్టడానికి ఇది పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు.

సిటీలో సైటు వాలు మీదుంటే సైజు రాళ్ళతో సిమెంటు గోడ. ఇక్కడ శత్రువు మట్టి కాదు, మట్టిలో ఊరే నీళ్ళు. గోడ వెనక మట్టి నీళ్ళతో నిండిపోతే గోడ మీద పడే తోపుడు ఆరిన మట్టి తోపుడుకు దాదాపు రెండింతలవుతుంది. అందుకే గోడలో నాలుగైదు అడుగులకొకటి చొప్పున మూడు నాలుగు అంగుళాల పైపులు, కొంచెం బయటికి వాలుగా, పై వరస కింది వరస ఎడమెడంగా పెట్టాలి, వాటి వెనక కంకర నింపాలి. పైపులు పెట్టి వెనక నేరుగా ఎర్రమట్టి నింపేస్తే మొదటి వానకే మూసుకుపోతాయి, ఉన్నా లేనట్టే. గోడ అడుగు మందం ఎత్తులో సగానికి తగ్గకూడదు, ఆరడుగుల గోడకు అడుగున మూడు, మూడున్నర అడుగులు. అయిదడుగులు దాటే గోడ ఏదైనా సరే, పైన ఇల్లు గానీ కారు పార్కింగ్ గానీ వచ్చేదైతే మరీ, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత డ్రాయింగ్ గీయించుకోండి. మేస్త్రీ అనుభవాన్ని నేను తక్కువ చేయను, కానీ పైన పడబోయే బరువు లెక్క మేస్త్రీ పని కాదు.

ఈ రాతి పని చేసే వడ్డెర మేస్త్రీలు బెంగళూరు చుట్టుపక్కల చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాబట్టి దగ్గర కూర్చుని వివరంగా అడగండి. "అన్నా, మందం మొత్తం పట్టే రాళ్ళు ఎన్నింటికొకటి పెడతావు?" అని అడిగితే చాలు, పని తెలిసినవాడెవరో తేలిపోతుంది. గోడకు ముందొక వరస, వెనకొక వరస పేర్చి నడుమ చెత్త రాయి నింపితే అది రెండు పల్చటి గోడల కింద లెక్క, వాటిని కలిపి పట్టేవి ఆ పొడవాటి రాళ్ళే. రాయి మంచిదా కాదా అన్నది సుత్తితో తట్టి చూస్తారు, ఖంగుమంటే మంచిది, డబ్‌మని మొద్దు శబ్దం వస్తే లోపల పగులుందనో మెత్తబడిందనో పక్కన పెడతారు.

ఇక గేబియన్, తీగ వల పెట్టెల్లో రాళ్ళు నింపి పేర్చేది. సాధారణంగా పెట్టె మీటరు ఎత్తు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు ఉంటుంది. వంక ఒడ్డు కోసుకుపోతున్న చోట, రాజకాలువ పక్కన నీళ్ళు వేగంగా ఒరుసుకుపోయే చోట నా ఓటు దీనికే, సిమెంటు గోడకు కాదు. వరద అడుగున కాస్త మట్టి తవ్వేసినా గేబియన్ వంగుతుంది, కుంగుతుంది, కానీ నిలబడుతుంది. సిమెంటు గోడ అయితే పలకలు పలకలుగా విరిగిపడుతుంది. నీళ్ళు దానిలోంచే పోతాయి కాబట్టి వెనక ఒత్తిడి పేరుకోదు. అయితే మురుగు పారే కాలువల్లో మామూలు జింక్ పూత తీగ తొందరగా తుప్పు పడుతుంది, పీవీసీ పూత ఉన్నదే అడగండి. రాళ్ళు వల కన్ను కంటే పెద్దవి ఉండాలి, 15 నుంచి 25 సెంటీమీటర్లు, జేసీబీతో గుమ్మరించకుండా కనీసం బయటి ముఖం చేత్తో పేర్చాలి, వెనక జియోటెక్స్‌టైల్ తప్పనిసరి. కాలువ ఒడ్డున ఏ పని చేసినా ముందు బఫర్ నిబంధనలు, అంటే కాలువనుంచి ఎంత దూరం వదలాలన్న రూల్స్, ఇవాళ్టికి ఎలా ఉన్నాయో స్థానిక సంస్థలో రాతపూర్వకంగా తెలుసుకోండి, అవి మారుతుంటాయి, బ్రోకర్ మాట మీద రాయి దించుకోకండి.

మరి ఎవరికి ఏది?

పొలంలో కుంట అయితే మట్టి కట్ట, లోపల రివిట్‌మెంట్, రాతి అలుగు. బడ్జెట్ చాలకపోతే రివిట్‌మెంట్‌ను నీటిమట్టం పైకీ కిందికీ ఆడే మేర వరకే వేయించండి, అలల కోత ఎక్కువుండేది అక్కడే, కాకపోతే రాళ్ళు ఆనడానికి ఆ మేర అడుగున మెట్టు కట్టించాలి. మిగతా వాలుకు గరిక పరిపించండి, బయటివైపు వట్టివేరు వరసలు నాటండి, దాని వేర్లు నిలువునా లోతుకు పోతాయి, మట్టిని పట్టి ఉంచుతాయి. చెట్లు మాత్రం కట్ట మీద వద్దు. చల్లగా ఉంటుందని వేపో కానుగో పెడతారు, అది ఎండిపోయాక వేరు కుళ్ళిన సందే నీళ్ళకు గొట్టమవుతుంది.

ఏటవాలు చేను కోత ఆపాలంటే రాళ్ళు దొరికే చోట రాతి కట్వలు, దొరకని చోట వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో సాగే గీత వెంబడి మట్టి గట్లు. వంక ఒడ్డుకు గేబియన్. ఇరుకు సైటుకు సిమెంటు రాతి గోడ. చెన్నైలో సముద్రం పక్కన స్థలం ఉన్న మిత్రులు అడుగుతుంటారు, అక్కడ అలకు మట్టి నిలిచే ప్రశ్నే లేదు, పెద్ద పెద్ద బండరాళ్ళే కావాలి, పైగా ఒకచోట రాళ్ళు వేస్తే పక్కచోట ఇసుక కోసుకుపోతుంది, కాబట్టి అది సొంతంగా చేసే పని కాదు, ప్రభుత్వం చేయాల్సిన పని.

కోలారు వైపు కొనేవాళ్ళకు ఒక మాట. 2018 నుంచి బెంగళూరు కోరమంగళ-చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీళ్ళు కోలారు జిల్లా చెరువులకు వస్తున్నాయి, ఏళ్ళ తరబడి ఎండి ఉన్న చెరువులు నిండాయి. అందుకని "ఈ వంకలో పదేళ్ళుగా నీళ్ళు చూడలేదు సార్" అన్న పాత మాట మీద గట్టు ప్లాన్ చేయకండి. చెరువు దిగువ పొలమైతే ఆరడుగుల గుంత తవ్వి రెండు రోజులు వదిలి చూడండి, నీళ్ళు ఊరితే కట్ట బయటివైపు అడుగున రాతి పరుపుతో నీళ్ళు బయటికి పోయే దారి పెట్టించాలి. ఊరి చెరువు కట్ట మీ హద్దుకు ఆనుకుని ఉంటే దాన్ని గీకడం, పైపు కోసం తవ్వడం లాంటి పనులు ఎవరు చెప్పినా చేయకండి. 2019 నవంబర్‌లో బెంగళూరు హుళిమావు చెరువు కట్ట తెగి వందల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి.

కట్ట పూర్తయ్యాక మొదటిసారి కుంటను ఒక్కసారిగా నింపకండి. బోరు నీళ్ళతో అయినా సరే సగం నింపి వారం ఆపండి. ఆ వారంలో రోజూ పొద్దున కట్ట బయటి అడుగు వెంబడి నడవండి. తడి కనబడితే కంగారు పడక్కర్లేదు, ప్రతి మట్టి కట్టా కొంత ఊరుతుంది. ఊరే నీళ్ళు ఒక గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉండి, రోజురోజుకీ పెరగకపోతే సరే. మట్టి రంగు ఉంటే లోపలినుంచి కట్ట కరుగుతోందని అర్థం, వెంటనే నీళ్ళు తగ్గించి, ఊట వచ్చే చోట మొదట ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్ళు వేసి, తెలిసిన ఇంజనీరును పిలవండి. ఆ ఊటను బంకమట్టితో బయటినుంచి మూసేయాలని చూడకండి, నీళ్ళు లోపలే ఒత్తిడి పెంచుకుని ఇంకోచోట తన్నుకొస్తాయి. ఎండ్రకాయల బొరియలు, ఎలుక కన్నాలు, చెదపుట్టలు మాత్రం కనబడగానే తవ్వి, జిగటమట్టి పెట్టి దిమ్మిస చేయించండి, వానాకాలానికి ముందే.